సన్యాసమ్మకు ఎగుమతి లైసెన్సు

ఓడలకు బ్యాటరీలు వచ్చాక సముద్రం మీద చప్పుడు పోయింది. అంతకు ముందు ఎంత పెద్ద ఓడయినా కోసు దూరం నుంచే ఇంజను మోతతో తన రాక చెప్పేది. వల వేసి కునుకు తీస్తున్న పడవవాళ్లు లేచి పక్కకు తొలిగేవాళ్లు. ఇప్పుడు పది అంతస్తుల ఓడ మంచులోంచి చడీచప్పుడు లేకుండా వచ్చి మీద పడుతోంది. భీమిలి దగ్గర గవ్వలపాలెంలో అలా పోయినవాళ్లు ఏడుగురు. వాళ్లలో మైలపిల్లి ఎర్రయ్య ఒకడు.

ఎర్రయ్య చెల్లెలు తవిటమ్మ. ఆ పాలెం నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. నీళ్లలో చప్పుడు ఎలా నడుస్తుందన్న విషయం మీద డాక్టరేటు చేసి, యాభై దాటేసరికి సాగరశ్రవణ కేంద్రమనే చిన్న పరిశోధనశాలకు డైరెక్టరయింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లకల్లా తీరిక లేదని చెబుతూ చెబుతూ ఆ వయసు దాటించేసింది. అన్న పోయాక ఆమెకు ఒకటే ధ్యాస. వినబడని ఓడ వస్తోందని పడవవాడికి ముందే చెప్పే సాధనం ఒకటి చెయ్యాలి.

ఆ పనిలో సాయానికి మనిషి కావాలని ప్రకటన ఇస్తే బర్మా నుంచి ఒకావిడ వచ్చింది. పాస్‌పోర్టులో పేరు ఖిన్ సాన్ యీ. ముప్పై ఆరేళ్లు. మోల్మేను పట్నం. ఇంట్లో పిలిచే పేరు మాత్రం సన్యాసమ్మ. ఆమె ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, రంగూను రేవులో మూటలు మొయ్యడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. నాలుగు తరాలైనా ఆ ఇంట్లో తెలుగు పోలేదు. కాకపోతే అది ముత్తాతతో పాటు ఓడెక్కిన తెలుగు. రైలును పొగబండి అనేది, ప్రభుత్వాన్ని దొరతనం అనేది.

"పొగబండి దిగి నేరుగా ఇటే వొచ్చినానమ్మా. నీళ్లేటన్నా ఇప్పిస్తారా?" అంది ఇంటర్వ్యూ గదిలోకి వస్తూనే.

కమిటీలో మిగతా ఇద్దరూ నవ్వారు. తవిటమ్మ నవ్వలేదు. పోయిన అమ్మమ్మ పక్కగదిలోంచి పిలిచినట్టయింది ఆమెకు. ప్రశ్నలు అడగకముందే లేచి వెళ్లి తనే నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ ఏడాది చివరికల్లా సన్యాసమ్మ ఆమెను అప్పా అని, అంటే అక్కా అని, పిలవడం మొదలుపెట్టింది. అద్దె గది వదిలేసి తవిటమ్మ ఇంట్లోనే మేడ మీద గదిలో దిగింది. ఆదివారాలు అరటిదూట వేసి చేపల పులుసు కాచి, అందులో నూడుల్స్ వేసి పెట్టేది. తవిటమ్మ మొదట్లో మొహమాటానికి తినేది. తరవాత శనివారం సాయంత్రమే అరటిదూట కోసం బజారుకు వెళ్లేది.

వాళ్లిద్దరూ చేసింది ఒక తాడు. సన్నని గాజుపోగుల్ని చింతపిక్కల జిగురులో తడిపి పేనిన తాడు. పడవ అడుగున నీళ్లలోకి వదిలితే, చప్పుడు తగిలినప్పుడల్లా గాజులోపలి వెలుగు వణుకుతుంది. ఆ వణుకును ఒక చిన్న పెట్టె చదివి తెర మీద బొమ్మ గీస్తుంది. ఆలోచన బాగానే ఉంది కానీ, ఏడాదిన్నర పాటు తాడుకు ఏమీ వినిపించలేదు. మిషను మీద ఎన్ని రకాలుగా పేనించినా అది చెవిటిదే.

ఒక మధ్యాహ్నం ఎర్రయ్య భార్య నూకాలు ఆడపడుచుకు అన్నం తీసుకుని ల్యాబుకు వచ్చింది. మిషను తిరగడం కాసేపు చూసి మూతి విరిచింది.

"అలగ ఒకేపు పేన్తే బిర్రబిగుసుకుపోద్దే. వలతాడు కూడా అలగ పేనం. మూడు మెలికలు కుడికి, ఒకటి ఎడమకి. తాడు ఊపిరి తీసుకోవాల."

చీర కుచ్చిళ్లు పక్కకు సర్దుకుని నేల మీద కూర్చుంది. తడిపోగులు తొడ మీద వేసి అరచేత్తో దొర్లించింది. మూరెడు పేని వాళ్ల చేతిలో పెట్టి, అన్నం చల్లారిపోతోందని కసిరింది.

మర్నాడు తెల్లవారుజామున నూకాలు తమ్ముడు పోలయ్య పడవలో ఆ తాడును నీళ్లలోకి దింపారు. చెవులకు పెట్టుకున్న గొట్టాల్లోంచి విని సన్యాసమ్మ ఉలిక్కిపడింది.

"అప్పా! సంద్రం అడుగున ఎవులో తాలింపు యేపుతున్నారు!"

తవిటమ్మ విన్నది. నిజమే. ఆవాలు చిటపటలాడుతున్నట్టే ఉంది. సముద్రమంతా చిటికె రొయ్యలు గోళ్లు కొట్టే చప్పుడది. పగలూ రాత్రీ ఆగదు. వింటూ వింటూ ఉండగా తెర మీద ఒక మూల ఆ చిటపట మాసిపోయి నల్లగా మచ్చ పడింది. మచ్చ జరుగుతోంది. తవిటమ్మకు అర్థమైంది. ఓడ చప్పుడు చెయ్యకపోతే పోనీ, రొయ్యల చప్పుడుకు అడ్డం రాకుండా ఉండలేదు కదా. దీపం ముందు నుంచి మనిషి నడిస్తే గోడ మీద నీడ పడ్డట్టు, ఓడ నీడ తాడు మీద పడుతోంది.

"పోలయ్యా, పడవ దక్షిణానికి తిప్పు!"

పావుగంట తరవాత మంచులోంచి ఓ పెద్ద ఓడ గోడలాగా కదిలి వచ్చి, వాళ్లు అంతకు ముందున్న చోటు మీంచి వెళ్లిపోయింది. పోలయ్య చుక్కాని వదిలేసి దణ్ణం పెట్టాడు. సన్యాసమ్మ ఏడ్చింది. తవిటమ్మ మాత్రం పెట్టె మూత గట్టిగా పట్టుకుని, ఓడ పోయిన దిక్కుకే చూస్తూ కూర్చుంది.

ఆ తాడుకు చెవితాడని పేరు పడింది. తరవాత రెండేళ్లూ పాలెం అంతా దాన్నే పేనింది. నూకాలు చూపించింది, మిగతా ఆడవాళ్లు నేర్చుకున్నారు. వాళ్ల కోడళ్లు, కూతుళ్లు మొగుళ్ల వెంట వెరావల్ వెళ్లినా పారాదీప్ వెళ్లినా ఆ పని చేతుల్లోనే పట్టుకుపోయారు. ఎవరూ ఎవరినీ దాచమనలేదు.

దాచమన్నది కాగితం. అది తరవాత వచ్చింది.

మూడో ఏడు మాఘమాసంలో పరీక్ష కోసం లోతుకు దింపిన తాడు మీద ఒక నీడ పడింది. పైన ఓడ లేదు. కిందెక్కడో, రెండువందల మీటర్ల లోతులో, నిదానంగా, సూటిగా నడిచిపోతోంది.

"ఇది సేప కాదప్పా," అంది సన్యాసమ్మ మెల్లగా.

"కాదు."

పడవవాళ్ల ప్రాణాల కోసం చేసిన తాడు జలాంతర్గామిని కూడా చూసేసింది. ఎవరిదో తెలియదు. తవిటమ్మ ఆ పూటే రక్షణ శాఖకు ఉత్తరం రాసింది. రాయకుండా ఉండడం ఆమెకు చేతకాదు. పది రోజుల్లో వాళ్లు వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, పాతిక పేజీల ప్రశ్నలు అడిగారు. నెల తిరిగేసరికి చెవితాడు రక్షణ జాబితాలోకి ఎక్కింది. ల్యాబు గేటు దగ్గర తుపాకీతో కాపలా నిలబడింది. డైరెక్టరు ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటకూడదని తవిటమ్మ పాస్‌పోర్టు కూడా తీసుకుని బీరువాలో పెట్టారు.

వాణిజ్య శాఖ వాళ్లకు ఇది ఇంకొక రకంగా పనికొచ్చింది. మన రొయ్యలు కొనే ఒక పెద్ద దేశం అప్పటికి రెండేళ్లుగా వాటి మీద సుంకం పెంచేసి కూర్చుంది. గవ్వలపాలెం ఆడవాళ్లు రొయ్యలు ఒలిచే షెడ్డు వారానికి మూడు రోజులే నడుస్తోంది. చెవితాడు మీద హక్కు తమకొక్కరికే ఇస్తే సుంకం తగ్గిస్తామని ఆ దేశం కబురు పెట్టింది. పేటెంటు కాగితాలు హడావిడిగా తయారయ్యాయి. అందులో ఒక వాక్యం ఉంది. ఈ పద్ధతి ఈ కేంద్రంలో పనిచేసే ఇద్దరు శాస్త్రవేత్తలకు తప్ప నేటివరకూ వేరెవరికీ తెలియదు. తవిటమ్మ దాన్ని చదివి, పెన్ను ఒక్క క్షణం ఆపి, సంతకం చేసింది. షెడ్డు ఆరు రోజులూ నడుస్తుంది కదా అని మనసుకు చెప్పుకుంది.

దెబ్బ సన్యాసమ్మకు తగిలింది. కొత్త నియమం ప్రకారం, జాబితాలో ఉన్న విద్యను విదేశీయుడికి చెబితే, అతను మన ఊళ్లో మన పక్కనే కూర్చుని విన్నా సరే, అది ఎగుమతి కిందికే వస్తుంది. సోమవారం ఉదయం గేటు దగ్గర ఆమెను ఆపేశారు. చేతిలో టిఫిను డబ్బాతో గంటసేపు ఎండలో నిలబడింది.

"నాను రాసిన పుస్తకం నానే సూడకూడదంటప్పా," అంది తవిటమ్మ బయటికి పరుగెత్తుకొచ్చాక. "నాకు తెలిసింది నాకే సెప్తే దొరతనంవోరు తప్పంతన్నారు."

ఆమె వీసా ఆ ఉద్యోగానికి ముడిపెట్టి ఇచ్చింది. ఉద్యోగం లేదు కనక వీసా రద్దయింది. పద్నాలుగు రోజుల్లో దేశం వదలాలి. అదే వారంలో మోల్మేనులో ఆమె తల్లి అప్పలనర్సమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

"పోనీలే అప్పా, ఎలాగూ ఎల్లాల్సిందే కదా," అని సన్యాసమ్మ సామాన్లు సర్దుకుంది. తవిటమ్మ ఊరగాయ జాడీలు గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ పని పూర్తి చేశారు.

సన్యాసమ్మ బయల్దేరిన రెండు గంటల్లో విమానాశ్రయం నుంచి ఫోను వచ్చింది. తవిటమ్మ వెళ్లేసరికి సన్యాసమ్మ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా రెండు బల్లలు, ఇద్దరు అధికార్లు.

"శుక్రవారం దాటి ఈవిడ ఇక్కడుంటే నేరం మేడమ్," అన్నాడు మొదటాయన.

"ఈవిడ వెళ్లినా నేరమే," అన్నాడు రెండో ఆయన. "ఈవిడ తలలో జాబితా సరుకుంది. లైసెన్సు లేకుండా దేశం దాటితే అక్రమ ఎగుమతి."

"మరైతే ఏం చెయ్యమంటారు?"

ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. మొదటాయన ఆఖరికి, రోజూ ఉదయం వచ్చి సంతకం పెడితే తాత్కాలికంగా ఉండనిస్తామన్నాడు. రెండో ఆయన ఎగుమతి లైసెన్సు ఫారం ఒకటి చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి సన్యాసమ్మ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సంతకం పెట్టి వచ్చేది. పని లేదు, ల్యాబు లేదు. తల్లికి ఫోను చేస్తే తెర మీద ముడతలు పడ్డ మొహం కనబడేది. "ఎప్పుడొత్తావే పిల్లా?" అని అడిగేది తల్లి. "వొచ్చెత్తానే అమ్మా, పొగబండి టిక్కట్టు దొరకలేదు," అని అబద్ధమాడేది కూతురు. ఆ మాట వంటింట్లోంచి విని తవిటమ్మ స్టవ్ మంట తగ్గించి నిలబడిపోయేది.

ఆదివారం ఇద్దరూ ఫారం ముందు కూర్చున్నారు. యంత్రాల కోసం అచ్చు వేసిన ఫారం అది.

"సరుకు పేరు," చదివింది తవిటమ్మ.

"సన్యాసమ్మని రాయి."

"తూకం. యాభై రెండు కిలోలు రాశాను."

"యాభై ఆరు. మీ ఇంట తిని తిని."

"ప్యాకింగు విధానం?"

"చీర," అంది సన్యాసమ్మ. ఇద్దరికీ నవ్వాగలేదు. తవిటమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"సరుకును చివరికి వాడుకునేవారు?"

సన్యాసమ్మ నవ్వు ఆగింది. "మా అమ్మ," అంది.

తవిటమ్మ రాసింది. ఆ కింద గడిలో, సరుకు నుంచి ఈ సాంకేతిక విద్యను వేరు చేయవచ్చునా, అవును లేదా కాదు, అని ఉంది. తవిటమ్మ కాదు అని రాసింది. రాస్తే లైసెన్సు రాదని ఆమెకు తెలుసు. అవునని రాయడానికి చెయ్యి రాలేదు.

ఫారం మడవబోతూ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపులు చదివింది. నాలుగోది చదివి ఆగింది. సదరు విద్య జాబితాకు ఎక్కే నాటికే ప్రజలలో వ్యాపించి ఉన్నట్లయితే ఈ నియమము వర్తించదు.

"ఏటప్పా, అలగైపోనావు?" అంది సన్యాసమ్మ.

"ఏం లేదు. నువ్వు అన్నం తిను. నేను పాలెం వెళ్లి వస్తాను."

నూకాలు ఇసక మీద ఎండబెట్టిన నెత్తళ్ల చేపల్ని తిరగేస్తోంది. తవిటమ్మ పక్కన కూర్చుని తనూ తిరగేసింది. కాసేపటికి మొదలుపెట్టింది. "వొదినా, నీతో ఒక మాట చెప్పాల. చెప్పేక నన్ను తిట్టు."

పేటెంటు కాగితంలో ఏం రాసిందో చెప్పింది. ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదని రాశానంది. నూకాలు చెయ్యి ఆగింది.

"నా పేరు నేదా అందల?"

"లేదు."

"ఎవులికీ తెల్దని రాసినావా? మరి మేం ఎవులం కామేటే?"

నూకాలు గంప తీసుకుని లేచి నాలుగడుగులు దూరంగా వెళ్లి, అటువైపు నెత్తళ్లు తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఎండ మండుతోంది. కాకులు వాలితే ఎవరూ తోలలేదు. చాలాసేపటికి నూకాలు అక్కణ్ణించే అడిగింది. "ఇప్పుడెందుకు సెప్తన్నావు?"

"నిజం చెబితే సన్యాసమ్మ వాళ్లమ్మ దగ్గరికి వెళ్తాది. కానీ పదిమందికీ తెలిసిన పనికి పేటెంటు ఉండదు. పేటెంటు లేకపోతే ఆ దేశం వాళ్లు సుంకం తగ్గించరు. షెడ్డు మూడు రోజులే నడుస్తాది. నిన్ను అడగకుండా ఆ మాట నేను చెప్పలేను."

నూకాలు కొంగుతో మొహం తుడుచుకుంది. "షెడ్డు మూడు రోజులే నడుస్తున్నాది రెండేళ్ల కాడ్నించీ. సచ్చిపోనామేటి?" అంది. తరవాత గొంతు తగ్గింది. "మీ అన్న పోనప్పుడు పదకొండు రోజులు ఒడ్డున కూకున్నాను నాను. శవం కూడా రానేదు. ఆ ముసల్ది అక్కడ మంచాన పడి బతికున్న పిల్ల కోసం సూత్తన్నాది. ఎక్కడికి రావాలో సెప్పు. వొత్తాను."

విచారణ విశాఖలో ఒక పాత ఆఫీసు భవనంలో జరిగింది. సాంకేతిక ఎగుమతుల సంఘం అధ్యక్షుడు మునిస్వామి, చిత్తూరు వైపు మనిషి, తెల్లటి మీసాలాయన. సన్యాసమ్మ ఒక కుర్చీలో, నూకాలు ఇంకొక కుర్చీలో కూర్చున్నారు. తవిటమ్మ నిలబడి జరిగిందంతా చెప్పింది. తాడు మెలిక తమ ల్యాబులో పుట్టలేదని, వదిన చెబితే తెలిసిందని, జాబితాకు ముందు రెండేళ్లు పాలెం అంతా అదే పేనిందని.

మునిస్వామి కాగితాలు తిరగేశారు. "మరి ఎవరికీ తెలియదని ఇక్కడ మీరే సంతకం చేసినారు గదమ్మా?"

"చేశాను సార్. తప్పు రాశాను."

"ఈ మాట రికార్డులో పడితే పేటెంటు పోతాది. మీ ఉద్యోగమూ నిలబడదు. ఆలోచించే చెప్తా ఉండారా?"

"ఆలోచించే చెబుతున్నాను."

సన్యాసమ్మ కుర్చీలోంచి లేచింది. "వొద్దప్పా! నాను ఇక్కడే ఉండిపోతాను, సంతకాలు పెట్టుకుంటాను. నువ్వు మాటాడకు."

"కూర్చో," అంది తవిటమ్మ. జీవితంలో ఆ పిల్లను గదమాయించడం అదే మొదలు.

మునిస్వామి నూకాలు వైపు తిరిగారు. "ఈ పని మీకు ఎవరు నేర్పినారమ్మా?"

"మాకెవులు నేర్పుతారు బాబూ? మేమే ఆళ్లకి నేర్పినాం. పురికొస ఉంటే ఇలాగియ్యి."

అటెండరు ఫైళ్లు కట్టే పురికొస తెచ్చి ఇచ్చాడు. నూకాలు కుర్చీ దిగి నేల మీద కూర్చుని పేనడం మొదలుపెట్టింది. అప్పుడే టీ గ్లాసుల ట్రేతో వచ్చినావిడ గుమ్మంలో ఆగి చూసింది.

"అదేటి, సెవితాడు కదా?" అంది అప్రయత్నంగా. "మా కోడలు కూడా పేనుద్ది."

"మీ కోడలు ఏ ఊరమ్మా?" అన్నారు మునిస్వామి.

"పూడిమడక బాబూ. పెళ్లయి వొచ్చి రెండేళ్లు, అప్పుడు కాడ్నించీ పేనుతున్నాది. ముప్పై మందికి నేర్పింది. తప్పేటైనా ఉందా?"

"తప్పేం లేదు. టీ అక్కడ పెట్టమ్మా," అన్నారాయన. కలం మూత పెట్టేసి, కాసేపు కిటికీలోంచి రేవు వైపు చూశారు.

"తవిటమ్మగారూ, ఒక్క మాట. ఈ తాడు మన పడవల కింద వేలాడితే మంచిదే. ఇంకోళ్ల పడవల కింద కూడా వేలాడితే? ఆ నీళ్ల కింద మనవాళ్లూ ఉండారు. ఎవురి బిడ్డలో."

"ఉన్నారు సార్. అది తలుచుకుంటే నాకూ గుండెలో బెంగగానే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు," అంది తవిటమ్మ. "కానీ ఈ పిల్లను ఆపితే ఆగేది ఈ పిల్ల ఒక్కతే. తాడు ఆగదు. మూడేళ్ల కిందటే అది మా చేతులు దాటిపోయింది."

ఆయన తల ఊపారు. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ఆ ఊపు తవిటమ్మ ఆ తరవాత చాలా రోజులు మరిచిపోలేదు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. రెండే వాక్యాలు. విద్య ప్రజలలో వ్యాపించి ఉన్నందున నియమము వర్తించదు. ఖిన్ సాన్ యీ దేశము విడిచి వెళ్లుటకు అభ్యంతరము లేదు.

విమానాశ్రయంలో ఈసారి ఎవరూ ఆపలేదు. అద్దాల తలుపు దాటే ముందు సన్యాసమ్మ పెట్టె కింద పెట్టి తవిటమ్మను కావలించుకుంది. నలుగురూ చూస్తున్నా ఇద్దరూ వదల్లేదు.

"నా మూలంగా నీ కొలువు పోనాదప్పా."

"నీ మూలంగా కాదే. నా సంతకం మూలంగా. వెళ్లు, అమ్మ చూస్తాది."

ఉద్యోగం నిజంగానే పోయింది. తప్పుడు ప్రకటన చేసినందుకు ముందస్తు విరమణ ఇచ్చి పంపేశారు. పేటెంటు కొట్టేశారు. చెవితాడు ఎవరైనా చేసుకోవచ్చని తెలిశాక ఆ పెద్ద దేశం బేరం వదిలేసింది. సుంకం అలాగే ఉంది. షెడ్డు మూడు రోజులే నడిచింది. పాలెంలో కొందరు ఆడవాళ్లు తవిటమ్మ కనబడితే మొహం తిప్పుకునేవాళ్లు. ఒకామె మొహం మీదే అంది, "ఒక్క మనిషి కోసం ఊరందరి పని తీసేసినావు" అని. నూకాలే అడ్డొచ్చి, "నానూ సెప్పినాను, నన్నూ అను" అని నిలబడింది. ఆ మాటలు చల్లారడానికి వానాకాలం పట్టింది.

శ్రావణమాసంలో మోల్మేను నుంచి ఫోను వచ్చింది. సన్యాసమ్మ అక్కడ ఒక బడిలో లెక్కలు చెబుతోంది. సాయంత్రాలు రేవుకెళ్లి అక్కడి ఆడవాళ్లకు పేనడం నేర్పుతోంది. తల్లి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. ఫోను తల్లి లాక్కుంది.

"మా పిల్లని నాకు అంపినావమ్మా. నీ మేలు మరవను. మరి నువ్వెప్పుడొత్తావు?"

తవిటమ్మకు ముప్పై ఏళ్లుగా ఎవరు రమ్మన్నా తీరిక లేదనో, అనుమతి లేదనో చెప్పడం అలవాటు. ఇప్పుడు రెండిట్లో ఏదీ అడ్డం లేదు. బీరువాలోని పాస్‌పోర్టు కూడా తిరిగి ఇచ్చేశారు.

"వస్తాను పెద్దమ్మా," అంది. "కార్తీకంలో వస్తాను."

"నన్నొదిలేసి ఎల్తావేటి?" అంది పక్కనుంచి నూకాలు.

ఇద్దరూ వెళ్లారు. అరవై దాటాక మొదటిసారి విమానమెక్కిన నూకాలు దారంతా కళ్లు మూసుకునే ఉంది. మోల్మేనులో ఇల్లు చెక్కతో కట్టింది. ముందు వసారా, వసారాకు ఎదురుగా ఏరు. అప్పలనర్సమ్మ మంచం మీద లేచి కూర్చుని తవిటమ్మ మొహం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఎండన పడి వచ్చారు, కాళ్లు కడుక్కోండి అని తరవాత గుర్తొచ్చి తనే కంగారుపడింది.

భోజనాలయ్యాక ముసలామె నూకాలును మంచం దగ్గరకు పిలిచింది. "మా తాత ఊరు కాడ సంద్రం ఎలగుంటాదే? నాను సూన్నేదు. మా అమ్మ కూడా సూన్నేదు," అంది. నూకాలుకు ఆ తాత ఊరు ఏదో తెలియదు. అయినా చెప్పడం మొదలుపెట్టింది. తమ ఒడ్డున ఇసక ఏ రంగులో ఉంటుందో, ఆషాఢంలో కెరటాలు ఎలా లేస్తాయో, ఏ నెలలో ఏ చేప పడుతుందో, పేర్లతో సహా. ముసలామె ప్రతి చేప పేరూ తిరిగి పలికి సరిచూసుకుంటోంది. కొన్ని పేర్లకు "ఆఁ, మేమూ అదే అంతాం" అని చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది.

తవిటమ్మ వసారాలో చాప మీద నడుం వాల్చింది. ఏటి మీంచి గాలి వస్తోంది. రాయాల్సిన రిపోర్టు లేదు, వెళ్లాల్సిన గేటు లేదు. లోపలి మాటలు వింటూ వింటూ పట్టపగలే నిద్రపోయింది.

సన్యాసమ్మ గిన్నెలు సర్దేసి వచ్చి చూసింది. లోపలికి వెళ్లి తలగడ తెచ్చి, ఆమె తల మెల్లగా ఎత్తి కింద పెట్టింది. తరవాత గుమ్మం దగ్గరకు వెళ్లి మంచం మీది ఇద్దరినీ కసిరింది.

"మెల్లగా మాటాడండే. అప్ప నిద్దరోతున్నాది."